స్కూల్ ట్రిప్‌కి పంపాలా వద్దా? ముందు సర్క్యులర్ చదవండి

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్న ఒక తెలుగు తల్లి అడిగిన ప్రశ్న ఇది. పాప ఏడో తరగతి. ఈ ఏడాది బడివాళ్లు రెండు ట్రిప్పులు ప్రకటించారు. ఒకటి ఊరి బయట అమ్యూజ్‌మెంట్ పార్కుకి ఒక రోజు. రెండోది మైసూరు, కూర్గు, ఊటీ కలిపి మూడు రోజుల్లో పన్నెండు చోట్లు. "ఇవన్నీ మేమే కారులో చూపించగలం కదా, బడితో వెళ్తే పాపకి అదనంగా ఏమొస్తుంది? డబ్బు సంగతి అటుంచి, మూడు రోజులు పంపాలంటే భయంగా ఉంది" అన్నది ఆవిడ మాట.

నేను బెంగళూరు బడుల్లో చాలా ఏళ్లు సోషల్ చెప్పాను. ఏటా పిల్లల్ని బయటికి తీసుకెళ్లే బాధ్యత కూడా నాదే. ఆ అనుభవంతో చెబుతున్నాను. బడితో వెళ్తే పిల్లలకి కచ్చితంగా లాభం ఉంటుంది. కానీ ఆ లాభం ఎంత దూరం వెళ్లారన్న దాన్ని బట్టి రాదు, ఎన్ని చూశారన్న దాన్ని బట్టి అసలే రాదు. ఒక వస్తువు ముందు ఎంతసేపు నిలబడ్డారు, అక్కడ వాళ్లని ఎవరు ఏమడిగారు అన్న దాన్ని బట్టి వస్తుంది. అందుకే సర్క్యులర్ చేతికి రాగానే ఫీజు కంటే ముందు కార్యక్రమం చదవండి. మూడు రోజుల్లో పన్నెండు చోట్లంటే, బస్సు దిగడం, వరసలో నిలబడడం, లెక్క పెట్టుకోవడం, మళ్లీ ఎక్కడం. ఒక్కో చోట మిగిలేది ముప్పావు గంట. అందులో బాత్రూమ్ దగ్గర క్యూ పోను పిల్లలు నిజంగా చూసేది ఎంత?

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో 2011లో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే చిత్రకళా మ్యూజియం తెరిచారు. పిల్లల్ని తీసుకొస్తామని బడుల నుంచి పట్టనన్ని దరఖాస్తులు వచ్చాయి. దాంతో ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది లాటరీ వేసి తేల్చారు. పరిశోధకులకు ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. వెళ్లొచ్చిన పిల్లలకీ, ఇంకా వెళ్లని పిల్లలకీ తేడా ఏమిటో 123 బడుల్లో దాదాపు 11,000 మంది విద్యార్థుల మీద చూశారు. ఆ సందర్శన ఎంతసేపనుకున్నారు? సుమారు గంట. ఆ గంటలో చూసినవి ఐదు చిత్రాలు. చిత్రం ముందు కూర్చోబెట్టి "ఇక్కడేం జరుగుతోంది, ఎందుకలా అనిపించింది" అని పిల్లల చేతే మాట్లాడించారు. కొన్ని వారాలు గడిచాక, అంతకుముందెన్నడూ చూడని కొత్త చిత్రం ఒకటి ఇచ్చి రాయమంటే, వెళ్లొచ్చినవాళ్లు మరింత నిశితంగా గమనించి రాశారు. చూసిన చిత్రాల వెనకున్న చరిత్ర కూడా చాలామందికి గుర్తుంది, పరీక్ష ఉంటుందని ఎవరూ చెప్పకపోయినా. అన్నిటికంటే నా మనసుకి తగిలిన ఫలితం ఇంకొకటి. పల్లెటూళ్ల నుంచి, పేద కుటుంబాల నుంచి వచ్చిన పిల్లల్లో ఈ మార్పు మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ.

గంటలో ఐదు చిత్రాలు. మన సర్క్యులర్లు రాసేవాళ్లు ఈ లెక్క గోడకి అంటించుకోవాలని నా కోరిక.

ఇంకో పాత పరిశోధన కూడా ఉపయోగపడుతుంది. 1970లలో జాన్ ఫాక్ అనే అమెరికా పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక విషయం గమనించారు. పిల్లల్ని పూర్తిగా కొత్త చోటికి తీసుకెళ్తే మొదట వాళ్ల దృష్టంతా ఆ కొత్తదనం మీదే ఉంటుంది. బాత్రూమ్ ఎక్కడ, అన్నం ఎప్పుడు, ఇటు వెళ్లొచ్చా, ఆ శబ్దం ఏమిటి అన్న వాటి మీదే ధ్యాస. టీచరు చెప్పే పాఠం లోపలికి వెళ్లదు. ఇది అల్లరి కాదు, మనిషి స్వభావం. కాబట్టి ఒకరోజు ముందు క్లాసులో ఆ చోటి మ్యాపు గీసి, ఎక్కడ దిగుతాం, ఎక్కడ తింటాం, ఎప్పుడు తిరిగొస్తాం అని చెప్పేస్తే ఆ గుబులు సగం తీరిపోతుంది. వెళ్లాక మొదటి పావుగంట ఊరికే తిరగనివ్వాలి. ఆ తర్వాతే పని. ఈ ఒక్క మార్పు చేసుకున్న టీచర్లు ఎవరూ మళ్లీ పాత పద్ధతికి వెళ్లడం నేను చూడలేదు.

ఇక చెప్పుకోవాల్సింది ఏ చోటు, ఏ ప్రశ్న అన్నది. నాకు బాగా తెలిసిన చోట్ల గురించి కొంచెం వివరంగా చెబుతాను.

లాల్‌బాగ్ సంగతి తీసుకోండి. బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లలో అక్కడికి వెళ్లనివాళ్లు ఉండరు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. 1889లో పునాది పడిన గాజు మేడ, పూల ప్రదర్శన, చుట్టాలొస్తే ఫొటోలు, అంతటితో అయిపోతుంది. కానీ తోటలో పెద్ద బండ ఒకటుంది. దాని మీద కెంపేగౌడ పేరుతో చిన్న గోపురం ఉంటుంది. పిల్లలు ఆ బండ మీద జారుతారు, పెద్దలు కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు. ఆ బండ వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. భూగర్భ సర్వే సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. దక్షిణ భారతానికి పీఠంలా ఉన్న నైస్ శిల అది. దగ్గరగా చూస్తే తెల్లటి చార, నల్లటి చార ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రాయి మెత్తబడి, మడతలు పడి, మళ్లీ గట్టిపడిన గుర్తులవి.

"300 కోట్ల ఏళ్లు" అని చెబితే పిల్లలు నోట్సులో రాసుకుంటారు. అది వాళ్లకి సున్నాల వరస మాత్రమే. అక్కడ నేను చేయించే పని చాలా సులువైనది. మూడు మీటర్ల తాడు, ఒక టేపు, రంగు దారాలు తీసుకెళ్తాం. ఒక సెంటీమీటరుకి ఒక కోటి సంవత్సరాలు. తాడు ఒక కొస ఈ బండ పుట్టిన రోజు, రెండో కొస ఈరోజు. ఇప్పుడు డైనోసార్లు ఎప్పుడు వచ్చాయో ముడి వేయమంటాను. పిల్లలు అందరూ తాడు మధ్యకి పరిగెత్తుతారు. కొలిచి చూస్తే చివరి కొస నుంచి 23 సెంటీమీటర్ల దగ్గర. అవి అంతరించిపోయింది 6.6 సెంటీమీటర్ల దగ్గర. హిమాలయాలు లేవడం మొదలైంది సుమారు 5 సెంటీమీటర్ల దగ్గర. తాడులో మొదటి రెండు మీటర్లకు పైగా జంతువు అన్నదే లేదు. మనలాంటి మనుషులు పుట్టి 3 లక్షల ఏళ్లు అనుకుంటే, అది 0.3 మిల్లీమీటరు. దారం ముడి వేయడానికి చోటు లేదు. 1537లో కెంపేగౌడ కట్టిన ఊరు ఎక్కడ పెట్టాలని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పెట్టలేమని వాళ్లే తేల్చుకుంటారు. అప్పటిదాకా జారుడుబండగా ఉన్న రాయిని అరచేత్తో తడిమి చూస్తారు. వాళ్ల చేత ఆ పని నేనెప్పుడూ చేయించలేదు, వాళ్లంతట వాళ్లే చేస్తారు.

ఇదంతా గంటన్నర పని. ఇందులో బడి చేసే ఖర్చు బస్సుది, తాడుది. గణతంత్ర దినానికీ స్వాతంత్ర్య దినానికీ జరిగే పూల ప్రదర్శనల రోజుల్లో మాత్రం వెళ్లకండి. ఆ జనంలో పిల్లల్ని కాచుకోవడంతోనే సరిపోతుంది.

రెండో చోటు నా మనసుకి ఇంకా దగ్గరిది, ఎందుకంటే మాది హిందూపురం వైపు. బెంగళూరు నుంచి హైదరాబాద్ రోడ్డులో బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరిగితే లేపాక్షి. సుమారు 120 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయల్దేరితే చీకటి పడేలోపు ఇల్లు చేరొచ్చు. రాత్రి బస అక్కర్లేదు. దానికి దగ్గర్లోనే చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే పల్లె ఉంది. లేపాక్షి చూసేవాళ్లు చాలామంది అటు వెళ్లరు, వెళ్లాలి.

వీరాపురంలో ఏటా చలికాలం తగ్గుముఖం పడుతుండగా పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి, ఊళ్లోని చింతచెట్ల మీద, ఇళ్ల మధ్యనే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకుంటాయి. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా ఊరివాళ్లు వాటిని చూసుకుంటారు. చెట్టు కింద రెట్టలు పడినా, వాసనొచ్చినా కొమ్మ కొట్టరు. నగరంలో పుట్టిన పిల్లలు దీన్ని కళ్లారా చూడడమే ఒక పాఠం.

అక్కడ నేను ఇచ్చే పని ఒకటే. నలుగురు పిల్లలకి ఒక గూడు, అరగంట, మాటల్లేవు. ఎవరొచ్చారు, ఎటు నుంచి వచ్చారు, ఏం తెచ్చారు, గూట్లో ఉన్నవాళ్లు ఏం చేశారు, అంతా రాసుకోవాలి. మొదటి పది నిమిషాలు అవస్థ. "సర్, ఏమీ జరగట్లేదు" అంటారు. పదిహేనో నిమిషానికి ఎవరో ఒకరు పట్టుకుంటారు, ఆ పెద్ద కొంగ రెక్కలు సగం విప్పి ఊరికే ఎందుకు నిలబడిందని. ఎండ ఎటు ఉందో చూడమంటే చాలు. కూనల మీద నీడ పడేలా నిలబడిందని వాళ్లే చెబుతారు. ఇంకో గుంపు, పక్షులన్నీ ఒకే వైపు నుంచి వస్తున్నాయని గమనిస్తుంది. అటువైపు చెరువుంది. చెరువు ఎండితే ఏమవుతుందన్న ప్రశ్న ఆపైన నేను అడగక్కర్లేదు.

ఇంకొకటి. ఆ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మన పత్రికల్లో తరచుగా రాస్తారు, ఊళ్లో కూడా చెబుతారు. పిల్లలు అదే రాసుకుంటారు. అప్పుడు నేను ఒక ప్రశ్న వేస్తాను. పక్షి గూడు ఎక్కడ కడుతుంది? తన ఊళ్లోనే కదా. శీతకాలం గడపడానికి ఉత్తరం నుంచి వచ్చే పక్షులు ఇక్కడ తిని, ఎండాకాలం రాకముందే తిరిగి వెళ్లి, అక్కడ గుడ్లు పెడతాయి. మరి ఇక్కడే గుడ్లు పెట్టి కూనల్ని పెంచుతున్న పక్షిది ఏ దేశం? పెయింటెడ్ స్టార్క్ మన ఉపఖండపు పక్షే. నీళ్లనూ చేపలనూ వెతుక్కుంటూ చెరువు నుంచి చెరువుకి తిరుగుతుంది, అంతే. అచ్చులో ఉన్న మాటని, పెద్దలు చెప్పిన మాటని, కళ్లముందున్న దానితో సరిచూసుకోవడం పన్నెండేళ్ల పిల్లకి అలవాటైతే, అది ఏ సబ్జెక్టు మార్కుల్లోనూ కనిపించదు గానీ అన్ని సబ్జెక్టులకీ పనికొస్తుంది.

లేపాక్షిలో అందరూ వేలాడే స్తంభం దగ్గర మూగుతారు. కింద నుంచి గుడ్డ లాగి, ఫొటో తీసుకుని వచ్చేస్తారు. అది సరదాగా ఉంటుంది, చేయనివ్వండి. ఆ తర్వాత, ఈ స్తంభం నేలకి పూర్తిగా ఆనకపోతే పైకప్పు బరువు ఎటు పోతోందో అడగండి. పిల్లలు పైన దూలాలు చూడడం మొదలుపెడతారు, పక్క స్తంభాలు లెక్కపెడతారు. నాకు మాత్రం లేపాక్షి అంటే పైకప్పు మీది బొమ్మలు. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి అది. విజయనగర కాలపు వర్ణచిత్రాలు ఇంత బాగా మిగిలిన చోట్లు తక్కువ. మెడ పైకెత్తి చూస్తే రెండు నిమిషాలకే నొప్పి. ప్రతి జంటకీ ఒక చిన్న చేతి అద్దం ఇవ్వండి. అద్దంలోకి చూస్తూ నింపాదిగా నడవొచ్చు. దేవుళ్ల కథలు తర్వాత, ముందు బట్టలు మాత్రమే చూడమంటాను. చీరల అంచులు, మగవాళ్ల పొడుగు టోపీలు, నగలు, జడలు. ఒక్క అంచు ఎంచుకుని నోట్‌బుక్‌లో గీసుకురావాలి. గీయాలంటే చూడక తప్పదు. ఫొటో తీస్తే చూడకపోయినా పర్లేదనిపిస్తుంది. అందుకే నా ట్రిప్పుల్లో పిల్లలకి ఫోన్లు ఉండవు.

వీరాపురం, లేపాక్షి రెండూ ఒకే రోజులో కుదురుతాయి. కానీ మూడోది కలపొద్దు. "దారిలోనే కదా" అని నంది కొండ కూడా చేరుస్తారు, అక్కడితో రోజు చెడిపోతుంది.

బెంగళూరులో పెరుగుతున్న మన పిల్లలకి ఇందులో ఇంకో మేలు ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఇంగ్లిషు, కన్నడ, హిందీ చదువుతారు. అమ్మమ్మ ఊరు అంటే పండగకి కారు దిగి ఏసీ గదిలో కూర్చోవడమే. తోటి కన్నడ, తమిళ, మలయాళ పిల్లల మధ్య నిలబడి, వీరాపురంలో ఒక పెద్దాయన చెప్పే మాటని వాళ్లకి ఇంగ్లిషులోకి మార్చి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి. అప్పటిదాకా ఇంటి నాలుగు గోడల మధ్య ఉన్న భాష ఒక్కసారిగా పదిమందికీ అవసరమైన భాష అవుతుంది. మీ కారులో వెళ్తే ఇది జరగదు. అక్కడ మాట్లాడేది మీరే.

"మేమే చూపిస్తాం కదా" అన్న దానికి మిగతా జవాబు కూడా ఇక్కడే చెబుతాను. చోటు చూపించడం మీకూ చేతనవును. తనకి తాను బాధ్యురాలుగా ఒక రోజు గడపడం మీ సమక్షంలో కుదరదు. నీళ్ల సీసా మర్చిపోతే ఎవరినైనా అడగాలి. బస్సులో తనకి నచ్చని అమ్మాయి పక్కన కూర్చోవాలి. వాంతి చేసుకున్న స్నేహితురాలికి సాయం చేయాలి. చిత్రాన్నం, పులిహోర, చపాతీ కలిపి పంచుకోవాలి. క్లాసులో నోరు మెదపని పిల్లలు బయట నాయకులు కావడం నేను చాలాసార్లు చూశాను. ఆ తర్వాత క్లాసులో కూడా వాళ్ల గొంతు వినిపిస్తుంది. టీచరుకి కూడా ఆ పిల్ల కొత్తగా తెలుస్తుంది, అది తక్కువ లాభం కాదు.

ఊరు దాటకుండా చేయగలిగినవి కూడా ఉన్నాయి. ఎలక్ట్రానిక్ సిటీ పక్కనే బేగూరు నాగేశ్వరాలయంలో సుమారు 900వ సంవత్సరం నాటి వీరగల్లు (యుద్ధంలో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) శాసనంలో బెంగళూరు పేరు ఉంది. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు వేలల్లో ఆ చుట్టుపక్కలే ఉంటాయి, ఎందరు చూశారో. కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం 1962లో మొదలైంది. అన్ని అంతస్తులూ చుట్టించకుండా ఒక్క ఇంజన్ల గ్యాలరీలో గంట ఉంచితే చాలు.

నన్నడిగితే ఈ ఊరి పిల్లలకి అన్నిటికంటే అవసరమైన ట్రిప్పు నీళ్లది. ఇంట్లో కుళాయికి కావేరి నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, తొరెకాడనహళ్లి, హారోహళ్లి, తాతగుణి అని మూడు చోట్ల పంపులు పెట్టి అర కిలోమీటరు ఎత్తుకి ఎక్కిస్తే వస్తున్నాయి. వాడేసిన నీళ్లు ఎటు పోతాయి? జక్కూరు చెరువు దగ్గర శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్లు రెల్లు పెరిగే తడినేల గుండా వడకట్టుకుని చెరువులో కలవడం పిల్లలు నడుచుకుంటూ చూడొచ్చు. కోరమంగళ, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధి చేసి 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకి పంపుతున్నారు. మీ పాప క్లాసులో కోలారు, ముళబాగిలు వైపు తాతగారి ఊరున్న తెలుగు పిల్లలు ఎవరో ఒకరు ఉంటారు. తన అపార్ట్‌మెంట్ నీళ్లు తాతగారి ఊరి చెరువుకి చేరుతున్నాయని తెలిస్తే ఆ పిల్లవాడికి ఎన్ని సందేహాలు వస్తాయో చూడండి. ఆ నీళ్లు ఎంత శుభ్రం, ఇంకా ఎంత శుద్ధి చేయాలి అన్న వాదన కోలారులో గట్టిగానే సాగింది. పిల్లలకి ఆ రెండు వైపులా వినిపించాలి. ఇలాంటి కేంద్రాలు చూడాలంటే బడి తరఫున జలమండలికి ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి.

ఇప్పుడు మీ భయం గురించి. దాన్ని నేను కొట్టిపారేయను. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. దారిలో ఆగి ఫొటోల కోసం నదిలోకి దిగారు, పైన ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు. 2024 డిసెంబరులో మురుడేశ్వర్ తీరంలో ముళబాగిలు ప్రాంతపు బడి నుంచి వెళ్లిన నలుగురు అమ్మాయిలు సముద్రంలో మునిగిపోయారు. ఆ కుటుంబాలకి జరిగింది తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. నేను వీటి నుంచి తీసుకున్న నియమం ఒకటి: కార్యక్రమంలో రాయని చోట బస్సు ఆగకూడదు, నీళ్లలోకి ఎవరూ దిగకూడదు. కాళ్లు తడుపుకోవడానికి కూడా. దీనికి మినహాయింపు అడిగే పిల్లలు ఉంటారు, జాలిపడే టీచర్లు ఉంటారు. వినకూడదు.

బడిని మీరు అడగాల్సినవి మొహమాటం లేకుండా అడగండి. చీకటి పడ్డాక బస్సు రోడ్డు మీద ఉంటుందా? ఉంటే వద్దనండి. ఎంతమంది పిల్లలకి ఒక టీచరు? ఈ వయసుకి పదిహేను మందికి ఒకరు తప్పనిసరి అని నా అభిప్రాయం. ఆ టీచర్లు పిల్లలకి తెలిసినవాళ్లా, టూర్ ఆపరేటర్ పంపిన కుర్రాళ్లా? ముందుగా ఎవరైనా వెళ్లి ఆ చోటు చూసొచ్చారా? అలర్జీలూ మందులూ రాసిన కాగితం ఎవరి దగ్గర ఉంటుంది? ఎవరైనా జబ్బు పడితే దగ్గర్లో ఏ ఆసుపత్రి, తీసుకెళ్లడానికి వేరే వాహనం ఉందా?

మీ పాప వయసు అమ్మాయిల విషయంలో ఇంకొకటి ఉంది. దీన్ని సర్క్యులర్లలో ఎవరూ రాయరు. నెలసరి. కొందరికి అప్పుడప్పుడే మొదలై ఉంటుంది, కొందరికి ట్రిప్పులోనే మొదలవచ్చు. బాత్రూమ్ లేని దారి, చెప్పుకోలేని సిగ్గు, ఈ భయంతోనే ట్రిప్పు మానేసే అమ్మాయిలు నాకు తెలుసు. మహిళా టీచరు ఎవరు వస్తున్నారు, ఆవిడ దగ్గర ప్యాడ్లు ఉంటాయా, దారిలో శుభ్రమైన బాత్రూమ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకున్నారా అని మీరు అడిగితే, అడగలేని ఇరవైమంది తల్లుల తరఫున అడిగినట్టు.

అమ్యూజ్‌మెంట్ పార్కు ట్రిప్పు మీద నాకు కోపం లేదు. పిల్లలు స్నేహితులతో ఒక రోజు కేరింతలు కొట్టడం మంచిదే, పంపండి. కాకపోతే దాన్ని పిక్నిక్ అని పిలవాలి, విజ్ఞానయాత్ర అని సర్క్యులర్‌లో రాయకూడదు. ఆ ఒక్క ట్రిప్పుతో ఏడాది కోటా అయిపోయిందని బడి చేతులు దులుపుకుంటే మాత్రం తల్లిదండ్రులు నోరు విప్పాలి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకి పది రోజులు బ్యాగు లేని చదువు ఉండాలని చెప్పింది. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి లాంటి చేతిపనివాళ్ల దగ్గర కూర్చోవడం, బయటి చోట్లకి వెళ్లడం అందులో భాగం. మీ పాప సరిగ్గా ఆ వయసులో ఉంది. ఆ పది రోజులు ఎలా గడుపుతున్నారని అడిగే హక్కు మీకుంది.

మూడు రోజుల ట్రిప్పు విషయంలో, పన్నెండు చోట్ల బదులు మూడు చోట్లే ఉంటే పంపండి అనేవాణ్ణి. ఉన్నది ఉన్నట్టుగా అయితే ఏడో తరగతికి నేను పంపమనను. బడితో మాట్లాడి చూడండి. ఒక్కరే వెళ్తే ఫిర్యాదులా ఉంటుంది, ఐదారుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్తే సలహాలా వింటారు. వెళ్లినప్పుడు ఫీజు కట్టలేని పిల్లల సంగతి కూడా ఎత్తండి. క్లాసులో నలభై మంది ఉంటే ముప్పైమంది బస్సెక్కి పదిమంది లైబ్రరీలో కూర్చోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఆర్కన్సాలో తేలింది కూడా అదే కదా, అందరికంటే ఎక్కువ లాభపడేది బయటికి వెళ్లే వీలు లేని పిల్లలే. చవకైన దగ్గరి ట్రిప్పు ఎంచుకుంటే అందరూ వెళ్లగలరు. మిగిలిన నలుగురి ఖర్చు తల్లిదండ్రులు కలిసి, ఎవరి పేరూ బయటపడకుండా బడికి ఇవ్వొచ్చు.

పాప ఇంటికొచ్చాక "ఏం నేర్చుకున్నావ్" అని అడగొద్దు. దానికి "బాగుంది" తప్ప జవాబు రాదు. "నువ్వు చూసినవాటిలో నీకు అర్థం కానిది ఏమిటి" అని అడగండి. వ్యాసం రాయించొద్దు. అలసి ఉంటుంది, ఆ రాత్రికి వదిలేయండి. రెండు మూడు రోజుల తర్వాత భోజనాల దగ్గర తనే మొదలుపెడుతుంది. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి వినండి, జవాబు మీకు తెలిసినా వెంటనే చెప్పేయకండి. మళ్లీ వెళ్దామని తను అడిగితే, ఈసారి మీ కారులో తీసుకెళ్లండి. దారి చూపించేది తనే అవుతుంది.

వీరాపురం మీకు నచ్చితే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. కొంగలు గూళ్ల మీద ఉండే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే బడుల్లో పరీక్షల హడావిడి మొదలవుతుంది. దసరా సెలవుల లోపే బడివాళ్లతో మాట్లాడి తేదీ ఖాయం చేసుకోవాలి. ఫిబ్రవరి మొదటి వారమైతే ఎండ కూడా పిల్లలు ఓర్చుకునేంతే ఉంటుంది.